ప్యాకెట్ ముందు మాట, వెనక లెక్క

2025 అక్టోబర్ 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ, ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో తయారుకాని ఏ పానీయం పేరులోనూ ‘ఓఆర్ఎస్’ (విరేచనాలైనప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజ్ ద్రావణం) అన్న మాట ఉండకూడదు. ముందో వెనకో ఇంకో అక్షరం తగిలించి, ఇది మా బ్రాండ్ పేరు అని చెప్పినా చెల్లదు. ఈ కాస్త మాట చెప్పించడానికి హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు కొట్లాడారు. ఉత్తరాలు రాశారు, వీడియోలు చేశారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు.

ఆ కొట్లాట ఎందుకో తెలియాలంటే ఓఆర్ఎస్ ఎలా పనిచేస్తుందో చూడాలి. లీటరు నీళ్లలో 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్, 13.5 గ్రాముల గ్లూకోజ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఇంతే. అందులో గ్లూకోజ్ వేసింది తీపి కోసం కాదు. చిన్నపేగు గోడలో సోడియంనూ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి చేరవేసే ఏర్పాటు ఒకటి ఉంది. ఆ రెండూ లోపలికి వెళ్తే వాటి వెంటే నీరు వెళ్తుంది. విరేచనాలతో ఒళ్లు ఎండిపోతున్న పిల్లాడు తేరుకునేది అందువల్లే. అదే చక్కెర మితిమీరితే కథ తిరగబడుతుంది. పేగులోని ద్రవం చిక్కబడి, ఒంట్లో మిగిలిన నీటిని కూడా పేగులోకే లాగుతుంది. విరేచనాలు ఆగడం పోయి ఎక్కువవుతాయి. ఓఆర్ఎస్ పేరు కలిసొచ్చేలా మందుల షాపుల్లో అమ్మిన తీపి డబ్బాల్లో లీటరుకు సుమారు 120 గ్రాముల చక్కెర ఉంటోందన్నది డాక్టర్ శివరంజని చెప్తూ వచ్చిన లెక్క.

మరి ఆ డబ్బాల మీద అబద్ధం రాశారా? లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 2022 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి పేర్లను ఒకసారి కాదంది. అదే ఏడాది జూలైలో మెత్తబడి, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ కాదు’ అని డబ్బా మీద రాస్తే పేరు ఉంచుకోవచ్చంది. కంపెనీలు రాశాయి. చక్కెర ఎంతో కూడా వెనక రాసే ఉంది. కాగితం మీద అంతా సక్రమమే. కానీ పిల్లాడు కళ్లు తేలేస్తుంటే మందుల షాపుకు పరిగెత్తిన తల్లి చదివేది పెద్ద అక్షరాలనే. 2025 ఉత్తర్వు ఆ వెసులుబాటును రద్దు చేసింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కొన్నాళ్లు గందరగోళం నడిచాక, ప్రజారోగ్యానికి సంబంధించిన ఈ నిషేధంలో తాము జోక్యం చేసుకోబోమని ఆ నెలాఖరున కోర్టు చెప్పింది.

సూపర్ మార్కెట్‌లో అరల నిండా కనిపించే ‘లో ఫ్యాట్’, ‘హై ఫైబర్’, ‘షుగర్ ఫ్రీ’, ‘రాగి’, ‘ఇమ్యూనిటీ’ మాటల్లో చాలావాటి స్వభావం ఇదే. అవి అబద్ధాలు కావు. ఏదో ఒక్క పోషకం గురించి చట్టం పెట్టిన గీత దాటాయి కాబట్టి అచ్చులోకి వచ్చాయి. మనం మాత్రం వాటిని ఆ ప్యాకెట్ మొత్తానికి ఇచ్చిన మంచి సర్టిఫికెట్‌గా చదువుతాం. చట్టం కొలిచినదానికీ మనం నమ్మినదానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే ఇంత వ్యాపారమూ నడుస్తోంది.

చట్టం గీసిన గీతలు

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద రెండు నిబంధనావళులు మనకు ముఖ్యం. 2018లో వచ్చినది ప్యాకెట్ మీదా ప్రకటనల్లోనూ ఏ మాట ఎప్పుడు వాడవచ్చో చెప్తుంది. 2020లో వచ్చినది వెనకవైపు పట్టికలో ఏమేం ఉండాలో చెప్తుంది. మొదటిది మాటల చట్టం, రెండోది అంకెల చట్టం అనుకోవచ్చు.

మాటల చట్టం నిజానికి చాలా కచ్చితంగా ఉంటుంది. ఘనపదార్థమైతే 100 గ్రాములకు 3 గ్రాముల లోపు కొవ్వుంటేనే ‘లో ఫ్యాట్’ అనాలి. ‘షుగర్ ఫ్రీ’ అనాలంటే చక్కెర 100 గ్రాములకు అర గ్రాము దాటకూడదు. ‘లో షుగర్’ అయితే 5 గ్రాములు. ‘హై ఫైబర్’ అనడానికి 100 గ్రాములకు 6 గ్రాముల పీచు ఉండాలి. ఫలానా రకం కంటే ‘తక్కువ’ అని పోల్చి చెప్పాలంటే కనీసం 25 శాతం తేడా చూపించాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. దేశమంతా అమ్ముకునే కంపెనీకి 10 లక్షలు ఏపాటివో వేరే చెప్పక్కర్లేదు.

ఈ గీతలు ఎక్కడ పడ్డాయో మన వంటింటి సరుకుతో పోలిస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం మామూలు గోధుమ పిండిలో 100 గ్రాములకు 11 గ్రాములకు పైగా పీచు ఉంది. రాగుల్లోనూ అంతే. మైదాలో 3 గ్రాములు కూడా లేదు. అంటే 6 గ్రాములతో ‘హై ఫైబర్’ అని మెరిసే బిస్కెట్‌లో ఉన్నది, మరలో ఆడించి తెచ్చుకున్న గోధుమ పిండిలో ఉండేదానిలో సగం పైచిలుకు. మైదాతో పోలిస్తే అది మెరుగే, కాదనను. కానీ మనం మైదాతో పోల్చుకోవడం లేదు కదా, ఆరోగ్యానికి మంచిదని కొంటున్నాం.

ప్రొటీన్ సంగతి ఇంకా స్పష్టం. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన మోతాదులో పదో వంతు 100 గ్రాముల్లో ఉంటే చాలు, ‘సోర్స్ ఆఫ్ ప్రొటీన్’ అని రాసుకోవచ్చు. ఐదో వంతు ఉంటే ‘హై ప్రొటీన్’. పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో మగవాళ్లకు రోజుకు 54 గ్రాములు కావాలి. ఆ లెక్కన మొదటి గీత 5.4 గ్రాముల దగ్గర, రెండోది 10.8 దగ్గర పడుతుంది. మైదాలోనే 100 గ్రాములకు 10 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంది. ఏమీ కలపని మైదా కూడా మొదటి గీతను సునాయాసంగా దాటి రెండోదాని గుమ్మం దాకా వస్తుందన్నమాట. కందిపప్పులో 21 గ్రాములకు పైగా ఉంది, వేరుశెనగల్లో 23 దాటింది. వీటిని విడిగా తూచి సంచిలో పోసి ఇస్తారు కాబట్టి, ఇందులో ప్రొటీన్ ఉందని పెద్ద అక్షరాల్లో చెప్పేవాళ్లు లేరు.

చక్కెర చుట్టూ మూడు మాటలు

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ఇన్ని కోట్ల మంది జాగ్రత్త పడుతుంటే సహజంగానే అన్నిటికంటే ఎక్కువ మాటలు చక్కెర చుట్టూనే పుట్టాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపేసుకుంటే ప్రమాదం కాబట్టి విడివిడిగా చూద్దాం.

మొదటిది ‘షుగర్ ఫ్రీ’. ఇది చక్కెర గురించే చెప్తుంది, పిండి గురించి కాదు. షుగర్ ఫ్రీ బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూస్తే చాలావాటిలో మొదట కనిపించేది రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, అంటే మన మైదా. ఆ వెంటే పామాయిల్. తీపి కోసం మాల్టిటోల్, సుక్రలోజ్ లాంటివి. మైదా ఒంట్లోకి వెళ్లాక మారేది గ్లూకోజ్‌గానే. చక్కెర తీసేశారు కాబట్టి నాలుగు ఎక్కువ తినొచ్చనుకున్న షుగర్ పేషెంట్ మీటర్ మీద అంకె చూసి తెల్లబోయేది ఇందుకే. పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఈ మాట నేరుగా చెప్పింది: షుగర్ ఫ్రీ అన్న ఆహారంలో కొవ్వు దండిగా ఉండొచ్చు, ప్యాకెట్ మీది మాటలు తప్పుదారి పట్టించగలవు, చూసుకుని కొనండి అని.

మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పదార్థాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇది పిండి నుంచి తీసిన పొడి. చట్టం దృష్టిలో చక్కెర అంటే ఒకటి లేక రెండు అణువుల గొలుసు మాత్రమే. మాల్టోడెక్స్‌ట్రిన్ గొలుసు అంతకంటే పొడుగు. అందుకని అది పట్టికలో చక్కెర గడిలోకి రాదు, మొత్తం పిండిపదార్థాల గడిలో కలిసిపోతుంది. ఒంట్లో మాత్రం చకచకా విడిపోయి గ్లూకోజ్ అవుతుంది. మధుమేహం ఉన్నవాళ్లు చక్కెర గడి ఒక్కటే చూసి ఊరుకోకుండా, దాని పైన ఉండే కార్బోహైడ్రేట్ అంకె కూడా చూడాలనేది అందుకే.

రెండోది ‘నో యాడెడ్ షుగర్’. విడిగా చక్కెర వేయలేదని దీని అర్థం, చక్కెర లేదని కాదు. పండ్ల రసంలోనూ పాలలోనూ సహజంగా ఉండే చక్కెర అందులో ఉంటుంది. చక్కెరకు బదులు తీపినిచ్చే ఎండుపండ్ల గుజ్జు, చిక్కబరిచిన పండ్ల రసం లాంటివి వేసి ఈ మాట రాసుకోకూడదని నిబంధన ఉంది. ఆ నిబంధన మంచిదే.

దాన్ని తప్పించుకోవడానికే అన్నట్టు మూడోది వచ్చింది: ‘నో రిఫైన్డ్ షుగర్’, ‘బెల్లంతో చేసినది’, ‘తేనెతో చేసినది’. ఇక్కడ మన మనసు తేలిగ్గా లొంగిపోతుంది. బెల్లం అంటే మనకు అరిసెలు, సున్నుండలు, అమ్మమ్మగారి ఇల్లు. అందులో కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజమే. కానీ బెల్లంలో ఎక్కువ పాలు ఉండేది సుక్రోజే, పంచదారలో ఉన్నదీ అదే. సంక్రాంతికి నాలుగు అరిసెలు తింటే ఎవరూ ఏమీ అనరు. బెల్లం పేరు చెప్పి రోజూ పిల్లల డబ్బాలో పెట్టే కుకీల సంగతి వేరు. బెల్లాన్నీ తేనెనూ కూడా ఒళ్లు చక్కెరగానే లెక్కవేస్తుంది.

పదార్థాల వరుస చెప్పే నిజం

వెనకవైపు పట్టిక కంటే ముందు చూడవలసింది పదార్థాల జాబితా. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రావాలని నిబంధన. రాగి బిస్కెట్‌లో మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అయితే, అది రాగి కలిపిన మైదా బిస్కెట్. ముందువైపు రాగి అనో ఓట్స్ అనో పేరుతోనో బొమ్మతోనో గొప్పగా చెప్తే, అది ఎంత శాతం ఉందో జాబితాలో చెప్పి తీరాలి. ఆ శాతం పేరు పక్కనే చిన్న అంకెగా ఉంటుంది. నా దృష్టిలో ప్యాకెట్ మొత్తం మీద అంత నిజాయతీ గల అంకె ఇంకోటి లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుంచి కొర్ర నూడుల్స్, జొన్న చిప్స్, మిల్లెట్ కుకీలు అరల నిండా చేరాయి. వాటిని పక్కపక్కన పెట్టి ఆ ఒక్క శాతం చూస్తే చాలు, దేనిలో ధాన్యం ఉందో దేనిలో బొమ్మ ఉందో తెలిసిపోతుంది.

ఈ వరుసలోనూ ఒక కిటుకు ఉంది. చక్కెర మొత్తం ఒకే పేరుతో రాస్తే జాబితాలో పైకొస్తుంది. దాన్నే పంచదార, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, ఫ్రక్టోజ్, తేనె అని నాలుగైదుగా విడగొడితే ఒక్కొక్కటీ తక్కువ బరువు తూగి కిందికి దిగిపోతుంది. అందుకే వరుసలో చక్కెర ఎన్నో స్థానంలో ఉందనే కాక, ఎన్ని పేర్లతో ఉందో కూడా చూడాలి.

మామిడి పానీయాల సీసాలకూ ఇదే కొలత. నిబంధనల ప్రకారం ‘ఫ్రూట్ డ్రింక్’ అనిపించుకోవడానికి 10 శాతం పండు ఉంటే చాలు, నిమ్మ జాతికైతే 5 శాతమే. సీసా మీద కోసిన మామిడి పండు నిండుగా కనిపిస్తుంది. లోపల ఎక్కువ భాగం నీళ్లూ పంచదారే. నీళ్లు తీసేసి చిక్కబరిచిన రసంలో మళ్లీ నీళ్లు పోసి, ‘100 శాతం పండ్ల రసం’ అని అమ్మడం కూడా చాలాకాలం సాగింది. ఆ మాట తీసేయమని 2024 జూన్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. 2025 మేలో ఇంకో అడుగు ముందుకు వేసి, అసలు ‘100 శాతం’ అన్న మాటకు చట్టంలో నిర్వచనమే లేదని, దేని మీదా అది వాడవద్దని సలహా ఇచ్చింది.

పిల్లల గ్లాసులో

రాజమండ్రి పక్క ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. మన ఇళ్లలో జ్వరం వచ్చి తగ్గిన మనిషికీ, పరీక్షలకు చదివే పిల్లలకూ ఈ పొడులు కలిపివ్వడం తరాలుగా ఉన్న అలవాటు. ‘హెల్త్ డ్రింక్’ అన్న పేరు అలాగే స్థిరపడింది. తీరా చూస్తే ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే వర్గమే లేదు. 2023లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే యువకుడు బోర్న్‌విటాలో చక్కెర ఎంతో చూపిస్తూ వీడియో పెట్టాడు. కంపెనీ లీగల్ నోటీసు పంపడంతో వీడియో తీసేశాడు, కానీ అప్పటికే దేశమంతా చూసేసింది. బాలల హక్కుల కమిషన్ కలగజేసుకుంది. ఆ ఏడాది చివర్లో కంపెనీ కలిపే చక్కెరను 100 గ్రాములకు 37.4 గ్రాముల నుంచి 32.2 గ్రాములకు తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో ఈ పొడులను హెల్త్ డ్రింకుల జాబితాలోంచి తీసేయమని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. హార్లిక్స్ కంపెనీ తన వర్గం పేరునే మార్చుకుంది.

తగ్గించాక కూడా లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. 100 గ్రాములకు 32 గ్రాములంటే 20 గ్రాముల పొడిలో 6.4 గ్రాములు, ఒకటిన్నర చెంచాల పంచదార. పొద్దునా సాయంత్రం రెండు గ్లాసులైతే 13 గ్రాములు. ఇంట్లో పాలలో విడిగా పంచదార వేస్తే అది వేరు.

ఇక్కడే పట్టికలోని పెద్ద లోపం ఒకటి చెప్పాలి. ఒకసారి తినే మోతాదు రోజుకు సరిపడే పరిమితిలో ఎంత శాతమో ప్రతి ప్యాకెట్ మీదా రాయాలి. ఆ శాతం కట్టడానికి తీసుకునే ప్రమాణం 2000 కేలరీలు, 67 గ్రాముల కొవ్వు, 22 గ్రాముల సంతృప్త కొవ్వు, 50 గ్రాముల కలిపిన చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం. ఇది పెద్దవాళ్ల లెక్క. నాలుగైదేళ్ల పిల్లలకు పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు సుమారు 1360 కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు అందులో పదో వంతుకు మించి చక్కెర నుంచి రాకూడదనుకుంటే, పిల్లాడి పరిమితి 34 గ్రాములు. 13 గ్రాములు ప్యాకెట్ లెక్కలో 26 శాతం, పిల్లాడి లెక్కలో 38 శాతం. అది పిల్లల కోసమే అమ్మే వస్తువు. డబ్బా మీద పిల్లల బొమ్మలే ఉంటాయి. శాతం మాత్రం నాన్నది.

ఆ ‘ఒకసారి తినే మోతాదు’ ఎంతో నిర్ణయించేది కూడా తయారుచేసినవాళ్లే. బిస్కెట్లయితే రెండో మూడో, చిప్స్ అయితే గుప్పెడు. ఎవరూ రెండు బిస్కెట్లతో ఆగరు. అందుకే మోతాదు గడి వదిలేసి, 100 గ్రాముల గడి చూడటం మంచి పద్ధతి. ఏ రెండు ప్యాకెట్లనైనా పోల్చడానికి పనికొచ్చేది అదొక్కటే. ఉప్పు విషయంలో ఇంకో చిన్న గుణకారం అవసరం. పట్టికలో ఉండేది సోడియం. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 1000 మిల్లీగ్రాముల సోడియం అంటే రెండున్నర గ్రాముల ఉప్పు, రోజుకు ఉండాల్సిన 5 గ్రాముల్లో సగం. మనం పచ్చళ్లు, పొడులు, అప్పడాలతో తినేవాళ్లం కాబట్టి ఈ లెక్క మనకు ఇంకా ముఖ్యం.

నూనె, ఓట్స్, నెయ్యి

నూనె సంగతి త్వరగా చెప్పేయొచ్చు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే చెప్పుకోదగ్గంతగా ఉంటుంది. వేరుశెనగ, పొద్దుతిరుగుడు, పామాయిల్ ఏ గింజ నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత లేదు. అయినా సీసా మీద ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ అన్న మాట చూసి ఆ సీసానే ఎంచుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. గుండెకు చూసుకోవలసింది సంతృప్త కొవ్వు, పామాయిల్‌లో అది దాదాపు సగం. ‘డబుల్ రిఫైన్డ్’, ‘కొలెస్ట్రాల్ ఫైటర్’, ‘గుండెకు హాయి’ లాంటి మాటలు నూనె ప్యాకెట్ల మీద రాయకూడదని 2011 నిబంధనల్లోనే పేరుపేరునా నిషేధించారు. అంత విడమరిచి నిషేధించారంటే ఆ మాటలు అంతగా చలామణిలో ఉండేవనే కదా.

ఓట్స్ కథ వేరు, అందులో నిజమైన సైన్స్ ఉంది. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు ఒంట్లోకి వెళ్తే కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. మన నిబంధనలు కూడా దీన్ని గుర్తించాయి. అయితే మామూలు ఓట్స్‌లో అది 100 గ్రాములకు 4 గ్రాముల చుట్టూ ఉంటుంది. 3 గ్రాములు రావాలంటే రోజూ 75 గ్రాముల ఓట్స్ తినాలి. 40 గ్రాముల మసాలా ఓట్స్ పొట్లం పూర్తిగా ఓట్సే అనుకున్నా సగమే అందుతుంది. దాంతోపాటు మసాలాలోని ఉప్పు అందుతుంది. రక్తపోటు ఉన్న పెద్దాయన గుండె కోసమని తింటున్నది అదే అయితే, ఇంట్లోవాళ్లు ఒకసారి సోడియం గడి చూడాలి.

ఇక ‘ఏ2 నెయ్యి’. దీని గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మన ఊళ్లలో కిలో వేల రూపాయలు పెట్టి కొంటున్నారు. ఏ1, ఏ2 అనేవి పాలలోని బీటా కేసిన్ అనే ప్రొటీన్‌లో రెండు రకాలు. మన దేశవాళీ ఆవుల పాలలో ఎక్కువగా ఏ2 ఉంటుంది. పాల విషయంలో దాని మీద చర్చ ఉంది, ఉండనిద్దాం. నెయ్యికి మన ప్రమాణం ప్రకారం 99.5 శాతం పాల కొవ్వు ఉండాలి. వెన్న కాచి వడకట్టినప్పుడు ప్రొటీన్ గోకుడుగా అడుగున మిగిలిపోతుంది. దాదాపు ప్రొటీనే లేని పదార్థానికి ప్రొటీన్ రకం పేరు పెట్టి ధర పెంచడం ఏ లెక్కన సరైనది? ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 ఆగస్టు 21న సరిగ్గా ఇదే కారణం చూపి, ఏ1, ఏ2 మాటలు తీసేయమంది. ఐదు రోజులకే, 26న, సంబంధిత వర్గాలతో ఇంకా మాట్లాడాలంటూ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. చెప్పిన కారణం తప్పని మాత్రం అనలేదు. దేశవాళీ ఆవును పెంచే రైతుకు మంచి ధర రావాలని నేనూ కోరుకుంటాను. ఆ ధర ఆవు పేరు మీద, మేత మీద, శుభ్రత మీద రావాలి. లేని ప్రొటీన్ మీద కాదు.

ముందువైపే హెచ్చరిక ఉంటే

ఇంతవరకు చెప్పినదంతా కొనేవాళ్లు ఇంగ్లీషు చదవగలరని, చిన్న అక్షరాలు కనిపిస్తాయని, తీరిగ్గా లెక్కలు వేస్తారని అనుకుని చెప్పినదే. లేబుల్ ఇంగ్లీషులోనో దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలన్నది నిబంధన. తెలుగు కంపెనీ ఇష్టం. తెలుగు మాత్రమే చదవగలిగిన అమ్మకు విజయవాడలో అమ్మే బిస్కెట్ ప్యాకెట్ వెనకవైపు ఒక్క మాట అర్థం కాదు. ముందువైపు బొమ్మలు మాత్రం అందరికీ అర్థమవుతాయి. ఈ అసమానత నన్ను నిజంగా బాధపెడుతుంది. చట్టం నిజాన్ని ఇంగ్లీషులో దాచి, ఆశను బొమ్మల్లో చూపించడానికి అనుమతించింది.

దీనికి చిలీ దేశం 2016 జూన్‌లో ఒక దారి చూపింది. చక్కెరో ఉప్పో సంతృప్త కొవ్వో కేలరీలో పరిమితి దాటితే, ప్యాకెట్ ముందువైపే నల్లటి ఎనిమిది పలకల గుర్తు వేయాలి. అలాంటి ప్యాకెట్ల మీద పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలు కూడా వేయకూడదు. చట్టం అమలైన తొలి ఏడాదిన్నరలో ఆ గుర్తు పడే తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు 24 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. 2020లో మెక్సికో కూడా అదే దారి పట్టింది.

మన ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 సెప్టెంబర్‌లో తెచ్చిన ముసాయిదా మాత్రం హెచ్చరికలకు బదులు చుక్కలు, అంటే స్టార్ రేటింగ్, పెట్టమంది, అర చుక్క నుంచి ఐదు చుక్కల దాకా. చక్కెర, ఉప్పు ఎక్కువుంటే చుక్కలు తగ్గుతాయి, పీచు, ప్రొటీన్, పండ్లు, గింజలు ఉంటే పెరుగుతాయి. అంటే చక్కెర నిండిన పొడిలో కాస్త ప్రొటీన్, కాస్త పీచు కలిపితే చుక్కలు తిరిగి వస్తాయి. ప్యాకెట్ ముందువైపు ఇప్పుడున్న జబ్బే ఇది: ఒక మంచితో ఒక చెడును కప్పడం. చుక్కల పద్ధతి దానికి ప్రభుత్వ ముద్ర వేస్తుంది. ఆ ముసాయిదా మీద 14,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. హెచ్చరిక గుర్తులు కోరుతూ వేసిన వ్యాజ్యంలో, నిపుణుల కమిటీ సిఫారసులు మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. జూలైలో ఇంకో మూడు నెలల గడువిచ్చింది.

ఇలాంటి ముసాయిదా వెలువడినప్పుడల్లా అభ్యంతరాలు, సూచనలు పంపే హక్కు మామూలు జనానికి ఉంటుంది. పంపేవాళ్లలో కంపెనీల తరఫు మనుషులు ఎలాగూ ఉంటారు. తెలుగు నేల నుంచి వెళ్లే ఉత్తరాల్లో రెండు విషయాలు గట్టిగా అడగాలి. చుక్కలు వద్దు, అక్షరం రానివాళ్లకు కూడా అర్థమయ్యే నల్లటి హెచ్చరిక గుర్తు ప్యాకెట్ ముందువైపే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అమ్మే ప్రతి ప్యాకెట్ మీదా పదార్థాల జాబితా, చక్కెర, ఉప్పు, కొవ్వు అంకెలు తెలుగులో ఉండాలి. ఈలోగా ప్యాకెట్ మీది మాట మోసమనిపిస్తే, దాన్ని ముందూ వెనకా ఫొటో తీసి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.